రాజీనామా అంటే దుకాణం వదిలిపోవడం కాదు



పోయిన రంజాన్‌కు ముందు మా షాద్‌నగర్ నుంచి ఒక ఆపా ఫోన్ చేసింది. "భాయ్, నువ్వు ఉర్దూ మీడియంల చదివినోనివి గదా, మా ఇంటాయన బహీ ఖాతా జర చదివి చెప్తవా?" అని.

ఆమె శోహర్, ఆయన దోస్త్ కలిసి ఇరవై ఏళ్లకు పైగా ఇనుప సామాను దుకాణం నడిపారు. శోహర్ ఇంతెఖాల్ అయ్యాడు. ఇద్దత్ అయిపోయాక ఆపా హిసాబ్ అడిగితే "మీ హిస్సా భాయ్‌సాబ్ ఉన్నప్పుడే తీసుకున్నారు" అన్నారట అవతలి వాళ్లు. లిఖాపడీ ఏమీ లేదు. ఉన్నవి రెండు ఎర్రగుడ్డ అట్టల పుస్తకాలే. రాతంతా ఉర్దూలో. ఆమె కొడుకులిద్దరూ ఇంగ్లీషు మీడియం పిల్లలు. అబ్బా చేతిరాత వాళ్లకు వట్టి గీతల్లాగే కనిపిస్తోంది.

రెండు రాత్రులు కూర్చుని చదివాను. జమా ఉంది, ఖర్చు ఉంది, ఎవరికి ఎంత ఉధార్ ఇచ్చిందీ ఉంది. ఎవరు ఎంత సర్మాయా పెట్టారు, నఫా నుక్సాన్‌లలో ఎవరి వాటా ఎంత, ఒకరు పోతే ఏం చేయాలి, ఈ మూడు మాత్రం ఎక్కడా లేవు. "ఎందుకు రాసుకోలేదు ఆపా?" అని అడిగాను. "దోస్తీల కాగజ్ అడిగితే భరోసా లేదనుకుంటరు గదా" అన్నది.

ఈ ఒక్క మాటతోనే నా పేచీ.

మన ఇళ్లలో కారోబార్ అంటే చాలావరకు షరాకతే. బావమరిదితో టైర్ల షాపు, చిన్ననాటి దోస్త్‌తో మటన్ దుకాణం, తమ్ముడితో లారీ. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది, ఇటు 44వ నంబర్ హైవే, కొత్తూరు ఫ్యాక్టరీలు. వీటన్నిటితో మన దిక్కు జమీన్ రేట్లు పెరిగాక ఇంకో షరాకత్ వచ్చింది. నలుగురు పైసలు కలిపి జాగా కొంటారు. రిజిస్ట్రీ ఒకరి పేరు మీద, మిగతా ముగ్గురికీ జబాన్. రేటు పెరిగిన రోజు ఆ జబాన్ మూగదవుతుంది. పైగా పైసలు ఒకరివి, పేరు ఇంకొకరిది అయితే అది బినామీ చట్టం కిందికి వచ్చే ఖత్రా కూడా ఉంది. అప్పుడు అదాలత్‌కు పోయి "ఇది నా జాగా" అనడానికే నోరు ఉండదు.

కానూన్ ఏం చెబుతుందో మనవాళ్లు తెలుసుకోవాలి. షరాకత్‌ల చట్టం 1932 నాటిది. ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించి తీరాలని అది అనదు. కానీ రిజిస్టర్ చేయించకపోతే 69వ సెక్షన్ దారికి అడ్డం నిలబడుతుంది. షరాకత్ ఒప్పందం కింద నాకు రావాల్సిన పైసలు ఇప్పించండి అని ఒక హిస్సేదార్ ఇంకో హిస్సేదార్ మీద దావా వేయలేడు. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే మళ్లీ గట్టిగా చెప్పింది. తెరిచి ఉన్న దర్వాజా ఒక్కటే: ఫర్మ్‌ను రద్దు చేసి హిసాబ్ తేల్చమని అడగడం.

ఇద్దరే ఉన్న షరాకత్‌లో ఒకరు మరణిస్తే ఆ ఫర్మ్ అక్కడితో ఖతం. వారసులు తమంతట తాము పార్ట్‌నర్లు అయిపోరు. కానీ హిసాబ్ అడిగే హక్కు వాళ్లకు ఉంటుంది. హిసాబ్ తేల్చకుండానే మిగిలినవాడు ఆ సరుకుతో, ఆ దుకాణంతో వ్యాపారం సాగిస్తే, దాని మీద వచ్చిన నఫాలో వాటా కానీ, తమకు రావాల్సిన మొత్తం మీద ఏడాదికి 6 శాతం కానీ కోరుకోవచ్చని 37వ సెక్షన్ చెబుతోంది. గడువు మాత్రం ఫర్మ్ రద్దయిన రోజు నుంచి 3 ఏళ్లు. సబర్ చేద్దాం, ఈద్ పోనీ, పెళ్లి పోనీ అనుకుంటూ ఎన్ని కుటుంబాలు ఆ మూడేళ్లు పోగొట్టుకున్నాయో!

పెద్దల పంచాయతీ ఉంది కదా అంటారు. ఆపా అక్కడికీ వెళ్లింది. మగవాళ్లంతా ముందు గదిలో, ఆమె పర్దా వెనక. ఆమె తరఫున ఆమె జేఠ్ మాట్లాడాడు. రెండు గంటలు గడిచాక "అల్లా మీద వదిలేయండి" అన్నారట. నాకు పెద్దలంటే ఇజ్జత్ ఉంది. సుల్హ్ చేయించడం గొప్ప పని. కానీ ఎవరి హక్కు పోయిందో ఆ మనిషి గొంతే వినని పంచాయతీని ఇన్సాఫ్ అని ఎట్లా అంటాం?

పెద్దలతోనే తేల్చుకోవాలంటే దానికీ పద్ధతి ఉంది. 1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం "మా ఝగడా ఫలానా వాళ్లు తేల్చాలి" అని ఇరువైపులా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. తీర్పు చెప్పేవాళ్లు ఒకరో ముగ్గురో, బేసి సంఖ్యలో ఉండాలి. అప్పుడు వాళ్ల మాటకు కోర్టు డిక్రీ లాంటి తాకత్ వస్తుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కూడా అంతే. దాని మీద అప్పీల్ ఉండదు, కేసులో కట్టిన కోర్టు ఫీజు వాపస్ వస్తుంది. 3 లక్షలు, అంతకు మించిన వ్యాపార తగాదాల్లో, అర్జంటు ఆర్డరు అవసరమైతే తప్ప, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని 2018లో కమర్షియల్ కోర్టుల చట్టాన్ని మార్చారు. 2022లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ప్రైవేట్ కంపెనీ పెట్టుకున్న వాళ్ల దారి వేరు. పదో వంతు షేర్లున్న వాళ్లు జుల్మ్ జరుగుతోందని హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవచ్చు.

ఇవేవీ చేయకుండా ముకద్దమాలోకి దిగితే ఏమవుతుందో హైదరాబాద్‌నే చూడండి. ఖుర్షీద్ జా పాయెగా మత్రూకా పంపకం కోసం 1955లో దావా పడింది. 1958లో అది హైకోర్టుకు చేరింది. హైదర్‌నగర్ భూముల మీద దాని తాలూకు తగాదాలకు 2023లో కూడా సుప్రీంకోర్టు తీర్పు రాయాల్సి వచ్చింది. నవాబుల ఖాన్‌దాన్‌కే నస్లులు గడిచిపోయాయి. మన ఇనుప దుకాణం ఎంత?

కాగజ్ అడగడం భరోసా లేకపోవడం అనే వాళ్లకు ఒక్క మాట. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజు గురించో రోజా గురించో కాదు. అప్పు రాసుకోవడం గురించి, గవాహ్‌ల గురించి. సూరా బఖరాలో 282వది. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దని అందులో ఉంది. మనం రోజూ తిలావత్ చేస్తాం. దుకాణంలో కూర్చోగానే మరిచిపోతాం. రాసుకోవడం దోస్త్ మీద షక్ కాదు, దోస్త్ పిల్లల అమానత్‌ను కాపాడటం.

రాయాల్సినవి ఎన్నో లేవు. ఎవరి సర్మాయా ఎంత, నఫా నుక్సాన్‌లలో ఎవరి వాటా ఎంత. ఏడాదికోసారి హిసాబ్ చూసి ఇద్దరూ దస్తఖత్ చేయాలి. ఒకరు విడిపోతే, మరణిస్తే వాటాకు ఖీమత్ ఎట్లా కట్టాలి. తగాదా వస్తే ముందు ఎవరి దగ్గర కూర్చోవాలి. ఆ కాగజ్ కాపీ ఒకటి ఇంట్లో బీవీ దగ్గర ఉండాలి, ఆమెకు చదవవచ్చే జబాన్‌లో. ఫర్మ్ రిజిస్ట్రేషన్ మన స్టాంపులు రిజిస్ట్రేషన్ల శాఖలోనే అవుతుంది.

తెలుగులో డిగ్రీ చదివేటప్పుడు నాకో మాట వింతగా అనిపించేది. దావా, వకాల్తా, రాజీ, కోర్టు మాటలన్నీ మన ఇంటివే. రాజీనామా కూడా. కానీ ఉర్దూలో రాజీనామా అంటే ఇద్దరూ రాజీ పడి రాసుకున్న కాగజ్. తెలుగులోకి వచ్చేసరికి అది ఉద్యోగం వదిలిపోవడమైంది. మన షరాకత్‌లలోనూ అదే జరుగుతోంది. రాజీ కాగజ్ రాసుకోవాల్సిన చోట ఎవరో ఒకరు ఏడుస్తూ వదిలిపోతున్నారు. చాలాసార్లు ఆ వదిలిపోయేది ఒక బేవా, ఆమె పిల్లలు.

ఆపా వకీలు ద్వారా నోటీసు ఇచ్చింది. ఆ రెండు పుస్తకాలకు నేను చేసిన తెలుగు నకలు వకీలు దగ్గరే ఉంది. హిసాబ్ ఇంకా తేలలేదు. మొన్న ఆమె పెద్దకొడుకు దోస్త్‌తో కలిసి మొబైల్ షాపు పెడతానన్నాడట. "ముందుగాల కాగజ్ చూపియ్, తర్వాత పైసలడుగు" అన్నది. ఆ అబ్బాయి దోస్త్‌కు ఏమీ కోపం రాలేదట.