అంబలికి నామోషీ ఎందుకు?

పరీక్షల వారం వస్తే గదుల్లో వుండే మనవాళ్ల పొయ్యి వెలగదు. మిర్చిబజ్జీ, టీ, అంతే! "టైమేదిరా?" అంటారు. భద్రాచలం అడవి పల్లె నుంచి వచ్చిన మా గది మిత్రుడొకడు ఇంట్లో ఇచ్చిన రాగిపిండి మూటను మంచం కింద దాచాడు. నవ్వుతారని భయం!

రాత్రి నానబెట్టిన పిండిని పొద్దున కాస్తే పావుగంటలో అంబలి. ఉప్పు, ఉల్లిపాయ చాలు. కందిపప్పులో గుప్పెడు మునగాకు వేస్తే రెండుపూటలకూ కూర. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వుంది. తెల్లబియ్యంలో పది దాటదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మనకింకా నామోషీయేనా?

మిత్రులారా, ఆ మూటలు బైటికి తీయండి. నలుగురం కలిసి కాచుకుందాం.