సోమాలీ నేలపై జెండాల బేరం

2009 డిసెంబర్ 22న పుంట్‌లాండ్ తన సొంత జెండాను ఆవిష్కరించింది. ఆఫ్రికా కొమ్ము కొసన, గరోవే రాజధానిగా ఉన్న ప్రాంతమిది. 1998 నుంచి దానికి సొంత అధ్యక్షుడు, సొంత బలగాలు, సొంత పన్నులు ఉన్నా జెండా మాత్రం పదకొండేళ్లపాటు సోమాలియా జాతీయ జెండానే. ఇప్పుడు జెండా కూడా మారిందంటే ఇదీ సోమాలీలాండ్ దారి పట్టి విడిపోతోందని అనుకోవడం తేలిక. కానీ ఆ గుడ్డ మీద ఏముందో చూస్తే ఆ అనుమానం నిలవదు. పై పట్టీ లేత నీలం, దాని మధ్య తెల్ల నక్షత్రం. అంటే జాతీయ జెండానే అందులో చేర్చుకున్నారు. దాని కింద తెలుపు, ఆకుపచ్చ పట్టీలు వచ్చాయి. సోమాలీలాండ్ రాజధాని హర్గేసాలో ఎగిరే జెండాలో నీలం మచ్చుకైనా లేదు. నక్షత్రం ఉంది కానీ అది నల్లది.

సోమాలీ ప్రాంతాల్లో గత మూడు దశాబ్దాల్లో పుట్టుకొచ్చిన జెండాలన్నిటినీ వేర్పాటు గాటన కట్టేస్తే అక్కడి రాజకీయం అర్థం కాదు. వాటిలో ఎక్కువ భాగం సోమాలియా రాజధాని మొగదిషుతో వాటా కోసం సాగించే బేరంలో పెట్టిన పేచీలు. నిజంగా తెగతెంపులు చేసుకున్న జెండా ఒక్కటే. ఈ తేడా మన కళ్లకు ఓ పట్టాన ఆనదు. మనకు రాష్ట్రాలున్నాయి గానీ రాష్ట్ర జెండాలు లేవు. ఉన్న ఒక్క అధికారిక జెండా జమ్మూకశ్మీర్‌ది, అదీ 2019లో పోయింది. కర్ణాటక 2018లో సొంత జెండా రూపొందించి ఆమోదం కోసం కేంద్రానికి పంపితేనే దేశ సమగ్రత మీద పెద్ద చర్చ నడిచింది. ప్రాంతానికి జెండా అనగానే మన మనసు వేర్పాటు వైపే పరుగెడుతుంది. హైదరాబాద్‌కు చదువుకని వచ్చే సోమాలీ కుర్రాళ్లలో హర్గేసా వాళ్లూ ఉంటారు, మొగదిషు వాళ్లూ ఉంటారు. మనకు మాత్రం అందరూ సోమాలియా వాళ్లే.

అసలు పేచీ జాతీయ జెండాలోనే ఉంది. 1950 నుంచి పదేళ్లపాటు దక్షిణ సోమాలియా ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వంలో, ఇటలీ పాలనలో ఉండేది. ఆ కాలంలో, 1954 అక్టోబర్ 12న, మహమ్మద్ అవాలె లిబాన్ రూపొందించిన జెండాకు ఆమోదం దొరికింది. దాని లేత నీలం ఐరాస జెండాను గుర్తుకు తెస్తుంది. మధ్యనున్న తెల్ల నక్షత్రానికి ఐదు కోణాలు. సోమాలీలు నివసించే ఐదు ప్రాంతాలకు అవి గుర్తు: ఇటాలియన్ సోమాలియా, బ్రిటిష్ సోమాలీలాండ్, ఫ్రెంచి వాళ్ల చేతిలోని జిబూటి, ఇథియోపియాలోని ఓగడెన్, కెన్యా ఉత్తర సరిహద్దు జిల్లా. 1960 జులై 1న ఒక్కటైనవి వీటిలో మొదటి రెండే. మిగిలిన మూడు కోణాలూ పరాయి దేశాల నేల మీద వేసిన దావాలు. సాధారణంగా జెండా ఉన్న దేశాన్ని చూపిస్తుంది. సోమాలియా జెండా రావలసిన బాకీని చూపించింది.

బాకీ వసూలుకు వెళ్లిన ప్రతిసారీ నష్టమే మిగిలింది. కెన్యా ఉత్తర ప్రాంతంలో 1963 నుంచి 67 దాకా సాగిన షిఫ్టా పోరు ఏ ఫలితమూ ఇవ్వలేదు. జిబూటి 1977 జూన్ 27న స్వతంత్ర దేశమైంది. కానీ నక్షత్రంలో కోణంగా చేరలేదు, తన ఎర్ర నక్షత్రాన్ని తనే తెల్ల త్రికోణంలో పెట్టుకుంది. అదే ఏడాది సైనిక పాలకుడు సియాద్ బర్రే ఓగడెన్ మీదికి దండెత్తాడు. సోవియట్, క్యూబా సాయంతో ఇథియోపియా 1978లో సోమాలియా సేనలను వెనక్కి తరిమింది. ఆ ఓటమి తర్వాత సోమాలీల తుపాకులు లోపలికి తిరిగాయి. 1978 ఏప్రిల్‌లో బర్రే మీద కుట్ర విఫలమయ్యాక ఈశాన్యం నుంచి అబ్దుల్లాహి యూసుఫ్ తిరుగుబాటు దళం కట్టాడు. 1981లో లండన్‌లో సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్ పుట్టింది. వాయవ్యంలోని ఇసాక్ వంశం వాళ్లే దానికి బలం. తర్వాతి కాలంలో పుంట్‌లాండ్, సోమాలీలాండ్ మొలిచింది ఈ రెండు పాదుల నుంచే.

సోమాలీలాండ్ కథలో ఒక రాత్రి గురించి చెప్పుకోవాలి. 1960 జూన్ 26కి ముందురాత్రి హర్గేసాలో బ్రిటిష్ జెండా దించి నీలం జెండా ఎక్కించారు. స్వతంత్ర సోమాలీ నేల మీద అది మొదట ఎగిరింది మొగదిషులో కాదు, హర్గేసాలో. దక్షిణాదికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఐదు రోజులుంది. ఆ వేడుకలో అబ్దిల్లాహి సుల్తాన్ తిమాదే చదివిన జెండా పద్యం ఈనాటికీ సోమాలీలందరి నోటా నానుతూనే ఉంది. కవిత్వమంటే ప్రాణం పెట్టే జాతి అది. దేశ ప్రస్తుత జాతీయగీతం కూడా జెండా మీది పాటే, అబ్దుల్లాహి ఖర్షె కట్టింది. ఇప్పుడు నీలం జెండాను ససేమిరా ఒప్పని ఊరే అప్పుడు దాన్ని అందరికంటే ముందు నెత్తిన పెట్టుకుంది. ఆ ఐదు రోజుల ప్రభుత్వానికి పెద్ద మహమ్మద్ ఇబ్రహీం ఇగాల్. విలీనానికి తీసుకెళ్లిందీ ఆయనే. 1967లో ఉమ్మడి సోమాలియాకు ప్రధాని అయిందీ ఆయనే.

విలీనం మొదట్లోనే బెడిసింది. రాజధాని, ప్రధాన పదవులు దక్షిణానికే పోయాయన్న కోపంతో 1961 రాజ్యాంగ రెఫరెండానికి ఉత్తరాది మొహం చాటేసింది. ఆ ఏడాది చివర్లో హర్గేసాలో యువ సైనికాధికారులు చేసిన తిరుగుబాటూ విఫలమైంది. అయినా ఇవి కాపురంలో కీచులాటలే. తెగిపోయింది 1988లో. తిరుగుబాటుదారులు హర్గేసాలో ప్రవేశించారని బర్రే సైన్యం ఊరి మీద ఫిరంగులు, విమానాలు ప్రయోగించింది. విమానాలు హర్గేసా విమానాశ్రయం నుంచే లేచి, అదే ఊరి మీద బాంబులేసి, మళ్లీ అక్కడే దిగేవి. ఊరు దాదాపు నేలమట్టమైంది. మృతులు 50 వేలకు తగ్గరని సాధారణ అంచనా. వాటిలో కూలిన ఒక మిగ్ విమానాన్ని నగరం నడిబొడ్డున గద్దె మీద నిలబెట్టారు. గద్దె చుట్టూ ఆనాటి చావుల బొమ్మలు గీశారు. ఏటా మే 18న జనం గుమిగూడేది దాని దగ్గరే.

1991 మే 18న బురావ్ సభలో సోమాలీలాండ్ విడిపోతున్నట్టు ప్రకటించింది. మొదటి ఐదేళ్లు తెల్ల జెండా మీద ఆకుపచ్చ వృత్తం, పైన నల్లటి అక్షరాల్లో కలిమా. ఇప్పటి జెండా 1996 అక్టోబర్ 14న వచ్చింది. ఆకుపచ్చ పట్టీలో తెల్లగా కలిమా, తెల్ల పట్టీలో నల్ల నక్షత్రం, అడుగున ఎరుపు. మహా సోమాలియా కల చచ్చిపోయిందనడానికి ఆ నల్ల నక్షత్రం గుర్తని జనంలో బలంగా ఉన్న వివరణ. అప్పుడు అధ్యక్ష పీఠంలో ఉన్నది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ ఇగాలే. తెల్ల నక్షత్రం కిందికి తన ప్రాంతాన్ని నడిపించుకెళ్లిన మనిషే ముప్పై ఆరేళ్ల తర్వాత దాన్ని నల్లగా మార్చాడు. అవకాశవాదం అనొచ్చు. నాకైతే 1988 తర్వాత ఆయనకు వేరే దారి లేదనిపిస్తుంది. సోమాలీలాండ్ రాజ్యాంగానికి 2001 రెఫరెండంలో 97 శాతం ఓట్లు పడ్డాయి. ఆ ఏకాభిప్రాయానికి చీకటి వైపూ ఉంది. సోమాలియా ఐక్యతను సమర్థించినందుకు నఈమా ఖోరానే అనే కవయిత్రికి 2018 ఏప్రిల్‌లో మూడేళ్ల జైలు వేశారు. కొద్ది వారాలకే క్షమాభిక్ష పెట్టి వదిలారనుకోండి.

పుంట్‌లాండ్ లెక్క వేరు. దాని స్థాపకుడు అబ్దుల్లాహి యూసుఫ్ 2004లో ఏకంగా సోమాలియా తాత్కాలిక సమాఖ్య ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు. విడిపోదామనుకునేవాడు ఢిల్లీ పీఠం కోరడు కదా, ఇదీ అంతే. ఆ ప్రాంత నాయకులకు కావలసింది బలహీనమైన కేంద్రం, అందులో బలమైన వాటా. యూసుఫ్ దిగిపోయి, 2009లో మొగదిషు పగ్గాలు షరీఫ్ అహ్మద్ చేతికి వెళ్లాక ఆ వాటా మీద పేచీ ముదిరింది. గరోవేలో అబ్దిరహ్మాన్ ఫరోలె ప్రభుత్వం సొంత జెండా ఎగరేసింది అదే ఏడాది చివర. మాకూ ఒక ఉనికి ఉంది, తేలిగ్గా తీసుకోవద్దు అని హెచ్చరిక. 2024 మార్చి 31న రాజ్యాంగ సవరణల మీద అలిగి, సమాఖ్య వ్యవస్థలను గుర్తించబోమని, జనామోదంతో రాజ్యాంగం వచ్చేదాకా స్వతంత్రంగా నడుచుకుంటామని పుంట్‌లాండ్ ప్రకటించింది. అంత కోపంలోనూ జెండాలో నీలం పట్టీని ముట్టుకోలేదు.

వీటి మధ్య ఓ వింత కాలం నడిచింది. 2010 సెప్టెంబర్‌లో అమెరికా తన సోమాలియా విధానాన్ని రెండు దారులు చేసింది. మొగదిషు ప్రభుత్వానికి సాయం చేస్తూనే సోమాలీలాండ్, పుంట్‌లాండ్‌తోపాటు ఇతర స్థానిక పాలనా వ్యవస్థలతోనూ నేరుగా పనిచేస్తామంది. ఇంకేం, ఎవరికి వారే యమునా తీరే. ఏడాది తిరిగేసరికి చిన్నా చితకా రాజ్యాలు ఇరవై దాటాయని పత్రికలు లెక్కేశాయి. కరువుతో ఎండిపోయిన ఒక ప్రాంతానికి గ్రీన్‌లాండ్ అని పేరు పెట్టారు! నైరోబీలోనో లండన్‌లోనో మిన్నెసోటాలోనో ఉన్న ప్రవాసులు హోటల్ హాల్లో సమావేశమై అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. మంత్రివర్గం ప్రకటించి, జెండా గీసి, వెబ్‌సైట్‌లో పెట్టేవారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2011 ఏప్రిల్‌లో కెన్యా అండతో మాజీ రక్షణ మంత్రి మహమ్మద్ అబ్ది ‘గాంధీ’ నైరోబీలో అజానియా రాష్ట్రాన్ని ప్రకటించినప్పుడు, దాని ముఖ్య పట్టణం కావలసిన కిస్మాయో నల్ల జెండాల అల్ షబాబ్ గుప్పిట్లో ఉంది.

వాటిలో చాలావరకు కాగితం మీదే కాలం చేశాయి. అవతలి ఒడ్డుకు చేరినవాటి దగ్గర జెండాను మించినవి ఉన్నాయి. అజానియా పోయి అదే నేల మీద 2013లో జుబాలాండ్ నిలబడిందంటే, అహ్మద్ మదోబె దగ్గర బందూకులున్నాయి, వెనక కెన్యా సైన్యం ఉంది, చేతిలో కిస్మాయో రేవుంది. ఆ రేవు నుంచి బొగ్గు ఎగుమతి కాకూడదని 2012లో భద్రతామండలి నిషేధం పెట్టినా వ్యాపారం ఆగలేదు. 2014లో నైరుతి రాష్ట్రం, 2015లో గల్‌ముదుగ్, 2016లో హిర్‌షబెలె ఏర్పడ్డాయి. ఇవన్నీ 2012 తాత్కాలిక రాజ్యాంగం కింద సమాఖ్య సభ్యులు. సోమాలీల జెండాల గురించి ఎవరైనా నన్నడిగితే, ముందు రేవులో సుంకం ఎవరు వసూలు చేస్తున్నారో చూడమంటాను. బెర్బెరా ఉంది కాబట్టి సోమాలీలాండ్, బొసాసో ఉంది కాబట్టి పుంట్‌లాండ్.

ఇథియోపియాలోని సోమాలీ రాష్ట్రం సంగతి కొంచెం చెప్పి వదిలేద్దాం. అక్కడి రాజ్యాంగం ప్రాంతీయ రాష్ట్రాలకు సొంత జెండాలు ఇస్తుంది. అబ్ది ఇలే ఏలిన కాలంలో ఆ జెండా మీద ఒంటె ఉండేది. 2018లో ఆయన కూలాక ఒంటె పోయి నీలం మీది తెల్ల నక్షత్రం తిరిగి వచ్చింది. యుద్ధం చేసి సాధించలేని కోణం ఒకటి పొరుగు దేశపు చట్టంలో అలా చోటు సంపాదించింది.

ఇంతకన్నా చిక్కైనది లాస్ అనోద్. 1960 నాటి లెక్కలో ఈ ఊరు బ్రిటిష్ సోమాలీలాండ్‌ది. వంశం లెక్కలో అక్కడి ధుల్‌బహంతెలు పుంట్‌లాండ్ వాళ్లకు బంధువులు. 2007 అక్టోబర్‌లో సోమాలీలాండ్ దాన్ని పుంట్‌లాండ్ నుంచి లాక్కుంది. 2022 డిసెంబర్‌లో ఒక స్థానిక రాజకీయ నాయకుడి హత్యతో ఊరు భగ్గుమంది. 2023 ఫిబ్రవరిలో పెద్దలు సమావేశమై హర్గేసా పాలన వద్దన్నారు, మొగదిషు కిందే ఉంటామన్నారు. ఆరు నెలలకు పైగా పోరు సాగింది. లక్షన్నర మందికి పైగా ఊళ్లు విడిచారు. ఆగస్టు 25న సోమాలీలాండ్ సైన్యం ఊరి శివార్లలోని స్థావరం వదిలి వెనక్కి పోయింది. ఆ పోరులో తిరుగుబాటుదారులు పట్టుకున్నది నీలం జెండా. జాతీయ జెండా తిరుగుబాటు జెండా కావడం మరెక్కడైనా అరుదేమో! దాన్ని అచ్చమైన దేశభక్తి అని మొగదిషు మురిసిపోతే పొరపాటే. హర్గేసాలో ఇసాక్‌ల పెత్తనం, గరోవేలో మజీర్తీన్‌ల పెత్తనం. రెండూ వద్దనుకున్న వంశానికి చేతికందే దూరంలో ఉన్నది, ఎవరి సొత్తూ కానిది ఆ నీలం ఒక్కటే. మొగదిషు దూరంగా ఉంది, బలహీనంగా ఉంది. వాళ్లకు నచ్చింది కూడా అదే.

2023 అక్టోబర్‌లో సమాఖ్య ప్రభుత్వం లాస్ అనోద్‌లో ఏర్పడిన ఎస్ఎస్‌సీ ఖాతుమో యంత్రాంగాన్ని గుర్తించింది. 2025 ఏప్రిల్‌లో ప్రధాని హంజా అబ్ది బర్రే లాస్ అనోద్ వెళ్లాడు. జులైలో అది ఈశాన్య రాష్ట్రంగా రూపెత్తింది. సూల్, సనాగ్ ప్రాంతాలు తమవంటున్న గరోవేకూ, హర్గేసాకూ ఒకేసారి ఒళ్లు మండింది. ఈ రెండూ ఏకాభిప్రాయానికి వచ్చే విషయాలు బహు కొద్ది, అందులో ఇదొకటి.

ఇంతలో 2025 డిసెంబర్ 26న ఇజ్రాయెల్ సోమాలీలాండ్‌ను దేశంగా గుర్తించింది. ఐరాస సభ్యదేశం ఒకటి ఆ పని చేయడం ముప్పై నాలుగేళ్లలో అదే మొదలు. అంతకుముందు 2024 జనవరి 1న సముద్రపు ఒడ్డు కోసం ఇథియోపియా సోమాలీలాండ్‌తో చేసుకున్న అవగాహన ఒప్పందం, ఆ ఏడాది డిసెంబర్‌లో టర్కీ మధ్యవర్తిత్వంతో అంకారాలో మెత్తబడింది. ఈసారి వచ్చిన గుర్తింపు అలా మెత్తబడేలా లేదు. అయితే హర్గేసా తన దేశమంటున్నది బ్రిటిష్ వాళ్లు గీసిన పాత సరిహద్దంతా. లాస్ అనోద్ ఆ గీతకు లోపలే ఉంది. అక్కడి యంత్రాంగం నల్ల నక్షత్రాన్ని ఒప్పుకోదు, మొగదిషు దాన్ని సమాఖ్యలో సభ్యరాష్ట్రంగా చూస్తోంది. గుర్తించే దేశాలు ముందుగా తేల్చుకోవలసింది గుర్తిస్తున్నది ఎంత మేరకని. ఇజ్రాయెల్ తర్వాత ఆ వరసలో ఎవరు నిలబడినా హర్గేసా వాళ్ల ముందు పరిచే పటం, హర్గేసా పోలీసు నిజంగా కాపలా కాసే నేల ఒకటి కావు.