మన కొలతకు మన చొక్కా

పోయిన వారం ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. వాడికి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఉంది. సబ్జెక్టు గురించి ఏదో అడుగుతాడనుకున్నాను. "అన్నా, ఏం వేసుకోవాలి?" అన్నాడు. రూమ్మేట్ బ్లేజర్ ఇస్తానన్నాడట. వేసుకుంటే అతి అనుకుంటారేమో, వేసుకోకపోతే చులకనగా చూస్తారేమో అని వాడి భయం.

"ఇదేం ప్రశ్నరా, పోయి చదువుకో" అని పెట్టేయొచ్చు. పెట్టేయలేకపోయాను. ఇరవై ఏళ్ళ కింద నాకూ ఇదే ప్రశ్న ఉండేది, అడగడానికి మనిషి లేడు. అందుకే ఇవాళ బట్టల గురించి రాస్తున్నాను. ఇది ఉద్యమం మాట కాదనుకునేవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

మా సాంఘిక సంక్షేమ హాస్టల్లో యూనిఫాం గుడ్డ తానులుగా వచ్చేది. కుట్టేవాళ్ళకి ఒక్కో పిల్లాడి కొలత తీసే తీరిక లేదు. చిన్న సైజు, పెద్ద సైజు, అంతే. చొక్కా భుజాలు జారిపోయేవి. నిక్కరు మొలతాడు మీద ఆధారపడి ఉండేది. పండక్కి అమ్మానాన్నలు కొన్నా "ఎదిగే పిల్లాడు" అని ఒక సైజు పెద్దదే కొనేవాళ్ళు. నా ఒంటికి కొలిచి కుట్టిన బట్ట ఎలా ఉంటుందో నాకు డిగ్రీ దాకా తెలియదు.

పీజీ అయ్యాక మొదటి ఇంటర్వ్యూకి స్నేహితుడి కోటు అడిగి వేసుకెళ్ళాను. దాని చేతులు నా వేళ్ళ దాకా వచ్చాయి. బోర్డులో ఒకాయన నా సర్టిఫికెట్ల కంటే ముందు ఆ చేతులు చూసి, "బాగానే తయారై వచ్చావే" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. చేతులు బల్ల కింద దాచుకోవడం మాత్రం గుర్తుంది.

బట్ట విషయంలో మనల్ని చూసి నవ్విన నవ్వు ఆ గదిలో పుట్టింది కాదు. చండాలుడు చచ్చినవాళ్ళ బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. అది పాత పుస్తకం అనుకుందాం. 1930 డిసెంబర్‌లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ రామనాథపురం ప్రాంతంలో కళ్ళర్లు ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. మగవాళ్ళ బట్ట మోకాలు దిగకూడదు, నడుము దాటి పైకి రాకూడదు. కోటు వేయకూడదు, చొక్కా వేయకూడదు, చివరికి బనియన్ కూడా వేయకూడదు. ఎదురు తిరిగినవాళ్ళ గుడిసెలు తగలబెట్టారు. ఇండోర్ జిల్లాలో బలాయీలు జరీ అంచు తలపాగా చుట్టకూడదని, రంగు అంచు పంచె కట్టకూడదని పెట్టిన ఆంక్షల్ని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు.

ఇదంతా గతమని అనకండి. 2023లో గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో మంచి బట్టలు వేసుకుని చలువ కళ్ళజోడు పెట్టుకున్నందుకు ఒక దళిత యువకుడిని కొట్టారని కేసు నమోదైంది. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ తీసి చూడండి. సెక్షన్ 3(1)(జెడ్ఏ). బహిరంగ స్థలంలో ఎస్సీ, ఎస్టీలు చెప్పులు తొడుక్కోకుండా, కొత్త బట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని అందులో ఉంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కొత్త చొక్కాకి చట్టంలో చోటు ఇవ్వాల్సి వచ్చిన దేశం మనది. కాబట్టి "ఏం వేసుకోవాలన్నా" అన్న ప్రశ్న చిన్నది కాదు.

అయితే ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మంచి బట్ట వేస్తే కులం కనపడదు అనుకుంటారు. కనపడుతుంది. 1901లో పదేళ్ళ భీమ్‌రావు అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రిని చూడటానికి కోరేగావ్ బయలుదేరాడు. ప్రయాణం కోసం కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, పట్టు అంచు పంచెలు కుట్టించారు, కొన్నారు. మసూర్ స్టేషన్లో దిగితే స్టేషన్ మాస్టరు ఆ ముస్తాబు చూసి బ్రాహ్మల పిల్లలనుకుని ఆదరంగా పలకరించాడు. మీరెవరని అడిగితే మహార్లమని చెప్పారు. ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్ళెవరూ ఎక్కించుకోమన్నారు. రెండింతలు డబ్బిచ్చి, పిల్లలే బండి తోలుకుంటూ, తాగడానికి నీళ్ళు లేక ఆ రాత్రంతా గడిపారు. ఆయనే రాసుకున్న అనుభవం ఇది.

ఆ పిల్లాడు పెద్దయ్యాక ఏం చేశాడు? "బట్టల వల్ల లాభం లేదు" అని వదిలేయలేదు. 1927 డిసెంబర్‌లో మహాడ్ సభకి వచ్చిన ఆడవాళ్ళతో, అంటరానివాళ్ళని గుర్తుపట్టించే చీరకట్టూ బరువు నగలూ వదిలేయమని, బట్టకి అతుకులున్నా ఫరవాలేదు శుభ్రంగా ఉండాలని చెప్పారు. తన వరకు సూటు వేసుకున్నారు. మన ఊళ్ళలో పంచె ఎంత దిగాలో, పై మీద కండువా ఉండాలో వద్దో కులం చెప్పేది. సూటు మీద మనువు ఏ శ్లోకమూ రాయలేదు.

గాంధీ 1921 సెప్టెంబర్‌లో మధురైలో చొక్కా వదిలేసి కొల్లాయి కట్టారు. ఇష్టపడి వదిలేయడానికి ముందు ఒంటి మీద చొక్కా ఉండాలి. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో ఒకరు కొల్లాయిలో, ఒకరు సూటులో కూర్చున్నారు. ఆ తేడాలోని రాజకీయాన్ని 2016లో పా. రంజిత్ 'కబాలి'లో రజనీకాంత్ చేత చెప్పిస్తే థియేటర్లో మన పిల్లలు ఈలలు ఎందుకు వేశారో వేరే వివరించక్కర్లేదు.

అలాగని సూటుని పూజించమని నేను అనడం లేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్ దీక్షకి బాబాసాహెబ్ తెల్ల పట్టు పంచె, తెల్ల కోటు వేసుకుని వచ్చారు. సందర్భానికి తగిన బట్టని ఆయన తనే ఎంచుకున్నారు. మనం నేర్చుకోవాల్సింది ఆ ఎంచుకోవడాన్ని.

మనకి రెండు వైపుల నుంచి పోటు ఉంది. మంచి చొక్కా వేస్తే ఊళ్ళో దొరకి కంటగింపు. క్యాంపస్‌లో కొందరు పెద్ద కుటుంబాల కామ్రేడ్లకి కూడా కంటగింపే, "ఏంటి బాసూ, బూర్జువా అయిపోయావ్" అంటారు. నలిగిన కుర్తా వాళ్ళకి త్యాగం. మనం వేస్తే పేదరికం. మూడోవాడు మార్కెట్‌వాడు. ఛాతీ మీద బ్రాండ్ బొమ్మ ఉంటేనే మనిషివని నమ్మించి స్కాలర్‌షిప్ డబ్బు లాక్కుంటాడు, చాలకపోతే ఈఎంఐ పెడతాడు. ఊరికోసమో, కామ్రేడ్ కోసమో, షాపు కోసమో వేసుకున్నన్నాళ్ళూ అది మన బట్ట కాదు.

మరి ఏం చేయాలి? నేను ఆలస్యంగా నేర్చుకున్నవి చెబుతాను.

మొదటిది, కొలత. బ్రాండ్ కంటే, రంగు కంటే అదే ముఖ్యం. చొక్కా భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. చేయి మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. కాలర్ గుండీ పెట్టాక రెండు వేళ్ళు దూరాలి. ప్యాంటు బూటు మీద తేలిగ్గా ఆనాలి, కుప్పపడకూడదు. రెడీమేడ్ కొన్నా సరే, టైలర్ దగ్గరికి తీసుకెళ్ళి సరిచేయించుకోండి. నూలు గుడ్డ కుట్టిస్తుంటే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, తర్వాత కురచ అవ్వదు. లోపల కుట్టు దగ్గర కాస్త గుడ్డ వదలమనండి, ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు.

నన్ను మొదటిసారి సరిగ్గా కొలిచింది మా టౌన్ బస్టాండ్ వెనక ఒక ముసలి సాయిబు. "కుడి భుజం కొంచెం దిగింది బాబూ, బరువులు మోశావా?" అన్నాడు. సెలవుల్లో మిరప బస్తాలు మోశాను. నా ఒంటిలో నా చరిత్ర ఉందని ఆ టేపు చెప్పింది. ఆయన ఆ భుజానికి తగ్గట్టు కుట్టాడు. ఆ చొక్కాలో నేను నిటారుగా నిలబడ్డాను.

రెండోది, తక్కువ బట్టలు. రెండు తెల్ల చొక్కాలు, ఒక లేత నీలం, ఒక బూడిద రంగు ప్యాంటు, ఒక ముదురు నీలం ప్యాంటు, ఒక జత తోలు బూట్లు, అదే రంగు బెల్టు. ఏది దేని మీదకైనా కుదురుతుంది. ఇవి పదేళ్ళ కింద బాగున్నాయి, పదేళ్ళ తర్వాతా బాగుంటాయి. క్లాసిక్ అంటే ఇంతే. పదిహేను వందల చొక్కా నూట యాభైసార్లు వేస్తే ఒక్కసారికి పది రూపాయలు. ఐదొందల చొక్కా ఇరవైసార్లకి వెలిసిపోతే పాతిక రూపాయలు. లెక్క వేసుకోండి.

"నల్లగా ఉన్నావు, తెలుపు నప్పదు" అని ఎవరైనా అంటే వినకండి. మన పల్లెలో ఆదివారం చర్చికి వెళ్ళే మా నాన్న తరాన్ని గుర్తు చేసుకోండి. నల్లటి ఒంటి మీద తెల్లటి చొక్కా, గంజి పెట్టి, ఇస్త్రీ పెట్టె లేక చెంబులో నిప్పులు పోసి రుద్దినది. వారమంతా బురదలో ఉన్న మనిషి ఆ ఒక్క పూట ఎంత హుందాగా నడిచేవాడు! క్లాసిక్ స్టైల్ లండన్ నుంచే రావక్కర్లేదు.

మూడోది, బాగోగులు. బూట్లకి వారానికోసారి పాలిష్, అరిగితే కొత్త అట్ట. ఊడిన గుండీ ఆ రాత్రే కుట్టుకోండి. మగవాడికి సూది దారం చేతకాకపోవడం గొప్ప కాదు. మన ఎస్సీ జాబితాలో మాల సాలె, నేతకాని అనే పేర్లున్నాయి. తోలు ఊని చెప్పు కుట్టింది మాదిగ చేయి. లోకానికి బట్ట నేసి, చెప్పు కుట్టి, తను మాత్రం ఊరి వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన జనం మనం. కాబట్టి బూటు రిపేరు చేసిన పెద్దాయనతో, చొక్కా కుట్టిన టైలర్‌తో బేరాలాడకండి.

ఒక్క హెచ్చరిక. ఇదంతా నేర్చుకుని ఇంకో దళిత పిల్లాడి జారిన భుజాలు చూసి నవ్వితే, ఆ బోర్డు గదిలో నవ్వినవాళ్ళ పక్కన మనమూ కుర్చీ వేసుకున్నట్టే. చెల్లెళ్ళ బట్టల మీద తీర్పులు చెప్పే హక్కు కూడా ఈ వ్యాసం ఎవరికీ ఇవ్వదు. వాళ్ళ మీద కాపలా మనకంటే ఎక్కువే.

తమ్ముడు బ్లేజర్ తీసుకోలేదు. అక్క పెళ్ళికి కుట్టించుకున్న తెల్ల చొక్కా చేతులు సరిచేయించుకుని వేసుకెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు. "మూడో ప్రశ్నకి సరిగ్గా చెప్పలేదన్నా, మెథడాలజీ ఇంకా చదవాలి" అని అరగంట మాట్లాడాడు. చొక్కా ఊసే ఎత్తలేదు.

ఆ గదిలో వాడికి చేతులు దాచుకునే పని పడలేదు. నాకు అది చాలు.

జై భీమ్.