కళ్ళు మూసుకుని ఆడి చూడండి



మొన్న మన స్కూల్లో జరిగిన సైన్సు ప్రదర్శనలో అన్నిటికన్నా పొడుగు క్యూ ఎక్కడుందో మీకు తెలుసు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు వర్చువల్ రియాలిటీ ఆట పెట్టిన బల్ల దగ్గర. పెట్టెలాంటి హెడ్‌సెట్ కళ్ళకు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుంటే ఎదురుగా కోట, చేతిలో విల్లు. భోజనం గంట కొట్టినా క్యూ కదల్లేదు. వార్డెన్ సారు వచ్చి కేకలేస్తేగాని ఎవరూ మెస్సు వైపు నడవలేదు.

"ఇందులో చూడ్డం, వినడమే కాదు, తాకినట్టు కూడా తెలుస్తుంది" అని వాళ్ళు చెప్పారు. ఆ మాట మీదే నా అభిప్రాయం రాస్తున్నాను. ఒప్పుకోనివాళ్ళు పక్కన అంటించిన ఖాళీ కాగితం మీద రాయవచ్చు. గోడ మీద రాయకండి, పోయిన నెల తిట్లు తిన్నది మేమే.

ముందు మంచి చెబుతాను. నా వంతు వచ్చింది, ఆడాను. ఎడమ చేత్తో విల్లు పట్టి కుడి చేత్తో నారి లాగుతుంటే కంట్రోలర్‌లో టిక్కు టిక్కుమని చిన్న వణుకు. బాణం వదలగానే ఎడమ చేతిలో జివ్వుమని ఒక దెబ్బ. మా తాత వెదురు విల్లు లాగబోయి రెండు రోజులు భుజం పట్టేసిన సంగతి నాకింకా గుర్తే. ఇక్కడ నారికి నూలుపోగంత బలం కూడా లేదు. అయినా కళ్ళ ముందు నారి సాగుతుంటే నిజంగా లాగుతున్నట్టే అనిపించింది. నేను నమ్మాను, అబద్ధం చెప్పను.

నా వెనకాల మా గది తమ్ముడున్నాడు. ఏడో తరగతి. వాడికి చూపు బాగా తక్కువ, పుస్తకం మేమే చదివి వినిపిస్తాం. వాడికీ హెడ్‌సెట్ కట్టారు. రెండు నిమిషాలు చేతులు ఊపి, తీసేసి నన్నడిగాడు: "అన్నా, ఇది విల్లా, సెల్‌ఫోనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, వాడు అడిగింది సరైన ప్రశ్నే. వాడి చేతికి అందింది ఒట్టి వణుకు. బాణం వదిలినా వణుకే, గోడ తగిలినా వణుకే, రాయి పట్టుకున్నా వణుకే. అది విల్లు అని మాకు చెప్పింది మా కళ్ళు, చెయ్యి కాదు.

ఈ వణుకు కొత్తదేం కాదు. 1976లోనే సెగా కంపెనీ మోటోక్రాస్ అనే ఆటలో బండి గుద్దుకుంటే హ్యాండిలు అదిరేట్టు చేసింది. 1997లో నింటెండో రంబుల్ ప్యాక్ అని కంట్రోలర్‌కు తగిలించే డబ్బా ఇచ్చింది. అదే ఏడాది సోనీ డ్యూయల్‌షాక్ వచ్చింది. లోపల ఉండేది చిన్న మోటారు, దాని ఇరుసుకు ఒక పక్కకు మాత్రమే బరువు. తిరిగినప్పుడు తూకం తప్పి అదురుతుంది. సారువాళ్ళ సెల్‌ఫోన్లు బల్ల మీద గుర్రుమంటూ జరగడం చూశారుగా, చాలా ఫోన్లలో ఇలాంటి మోటారే. తర్వాత ముందుకీ వెనక్కీ కదిలే రకాలు వచ్చాయి, వాటితో వణుకును సన్నగా, బలంగా మార్చవచ్చు. 2016లో వచ్చిన వైవ్, ఆకులస్ టచ్ కంట్రోలర్లలోనూ వణుకే. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్ 2లో హెడ్‌సెట్ కూడా అదురుతుంది, అంటే చేతులతోపాటు తల కూడా అన్నమాట.

మరి తాకడమంటే వణుకేనా? మన అరచేతి చర్మంలో తాకిడిని కనిపెట్టే నాడి కొసలు ముఖ్యంగా నాలుగు రకాలు. ఒకటి వేగంగా వచ్చే అదురును పసిగడుతుంది. ఒకటి వస్తువు అంచును, నొక్కుడును చెబుతుంది. ఒకటి చేతిలోంచి జారిపోతున్నదాన్ని, మరొకటి చర్మం సాగడాన్ని. వేడికీ నొప్పికీ వేరే. (మిరపకాయలో మంట పుట్టించే పదార్థాన్ని పట్టుకుని వేడి తెలిసే దారిని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కూ, నొక్కితే ఎలా తెలుస్తుందో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి 2021లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు.) ఇవిగాక బరువు సంగతి కండరాలు చెబుతాయి. సీతాఫలం పండిందో లేదో చీకట్లో నొక్కి చెప్పగలమంటే ఇవన్నీ కలిసి పనిచేస్తేనే. కంట్రోలర్ వీటిలో ఒకటి రెండింటితోనే మాట్లాడుతుంది, మిగతావాటికి సెలవు.

అసలు చిక్కు న్యూటన్ మూడో సూత్రంలో ఉంది. గోడను మనం తోస్తే గోడ మనల్ని తోస్తుంది. గోడకు కింద భూమి ఆధారం. చేతిలో ఉత్తగా పట్టుకున్న కంట్రోలర్‌కు ఏ ఆధారముంది? అందుకే ఆటలో గోడ మీద గుద్దితే చెయ్యి దూరిపోతుంది, కంట్రోలర్ మాత్రం జివ్వుమంటుంది.

దీన్ని సాధించినవాళ్ళు లేకపోలేదు. 1990ల మొదట్లో అమెరికాలో ఎమ్.ఐ.టి.లో థామస్ మాసీ అనే విద్యార్థి, కెన్నెత్ సాలిస్‌బరీ అనే ఆయన కలిసి ఫాంటమ్ అనే యంత్రం చేశారు. బల్ల మీద బిగించిన చిన్న యంత్రపు చెయ్యి, దాని కొసన వేలు పెట్టుకునే తొడుగు. కంప్యూటర్లో ఉన్న బంతిని వేలితో నొక్కితే మోటార్లు వేలిని వెనక్కి తోస్తాయి. బల్ల ఉంది గనుక తొయ్యగలదు! సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలు, 2016 నాటి హెడ్‌సెట్లకు 90. ఇలాంటి యంత్రం మాత్రం గట్టి వస్తువును గట్టిగా అనిపించాలంటే సెకనుకు దాదాపు 1000 సార్లు లెక్క చూసుకోవాలి. చెయ్యిని మోసం చెయ్యడం కంటిని మోసం చేసినంత తేలిక కాదు. (ఆ మాసీ తర్వాత అమెరికా కాంగ్రెసు సభ్యుడయ్యాడు. యంత్రాలు వదిలేశాడు కాబోలు.) ఇప్పుడు గాలి బుడగలతో వేళ్ళను నొక్కే చేతితొడుగులు కూడా చేస్తున్నారు. మెటా కంపెనీ 2021లో ఒక నమూనా చూపించింది. హ్యాప్టెక్స్ కంపెనీ తొడుగులు అమ్ముతానంది, జత ఖరీదు లక్షల్లో.

"ఆటే కదరా, మజా వస్తే చాలదా?" అన్నాడు మా బెంచీవాడు. చాలు, నాకూ నీకూ. కానీ కళ్ళున్న మనకు తాకిడి అనేది కూరలో ఆఖర్న వేసే తాలింపు. వేస్తే ఘుమఘుమ, వెయ్యకపోయినా తినేస్తాం. మా తమ్ముడికి అదే అన్నం. చేసేవాళ్ళు ఎంతసేపూ తుపాకీ అదురు, బాంబు అదురు ఇంకా బాగా చెయ్యాలని చూస్తే మనకు తాలింపు పెరుగుతుంది, వాడికి విస్తరి ఖాళీగానే ఉంటుంది. అందుకని నేననేది ఏమిటంటే, తాకినట్టు తెలుస్తుందని చెప్పే ప్రతి ఆటనూ ముందు కళ్ళు మూసుకుని ఆడించి చూడాలి. చేతిలో ఉన్నది విల్లో, కర్రో, కుండో చెప్పగలిగితే ఆ మాట వాడుకోవచ్చు. లేకపోతే వణుకుతుంది అని చెప్పి అమ్ముకోమనండి.

ఇది కుదరని కోరిక కాదు. 2018లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కేన్‌ట్రోలర్ అనేదాన్ని చేశారు. చూపులేనివాళ్ళు వాడే తెల్లకర్రలాంటి కర్ర. నడుముకు కట్టిన బ్రేకు దానికి తగిలించి ఉంటుంది. ఆటలోని బల్లకో గోడకో కర్ర తగిలితే బ్రేకు పడి కర్ర నిజంగానే ఆగిపోతుంది. నేల మీద రాస్తే ఆ నేలకు తగ్గ అదురు, తగిలిన వస్తువుకు తగ్గ చప్పుడు. చూపు లోపమున్న తొమ్మిదిమంది చేత వాడించి చూశారు. చూశారా, ఇక్కడ ఆధారం నడుమే! అంత ఖరీదైన తొడుగులు కాదు, కర్రా బ్రేకూ. వినపడనివాళ్ళ కోసం ఇంకొకటి ఉంది, హెడ్‌సెట్ ఆట కాదుగాని చెప్పుకోదగ్గది. 2022లో ప్లేస్టేషన్ 5కు వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 1లో పాత్రలు మాట్లాడేటప్పుడు ఆ మాట తీరు కంట్రోలర్ వణుకులో తెలిసేట్టు పెట్టారు. కోపంగా అన్నారో మెల్లగా అన్నారో చేతికి అందుతుంది. వణుకును నేను ఊరికే తిట్టడం లేదు. ఎవరి కోసమని తలుచుకుని చేస్తే అదే వణుకు పనికొచ్చింది.

ప్రదర్శన పెట్టినవాళ్ళు వచ్చే ఏడాది మళ్ళీ వస్తామన్నారు. మా గదివాళ్ళం ఒక మాట అనుకున్నాం. ఈసారి క్యూలో మొదట మా తమ్ముడే నిలబడతాడు, హెడ్‌సెట్ లేకుండా, కంట్రోలర్లతో మాత్రమే. చేతిలో ఏముందో వాడు చెప్పాకే మిగతావాళ్ళ వంతు.