పేరు మారితే వాన లెక్క ఆగాలా?

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకు ముందున్న రికార్డు 2013 జులై 19న అప్పటి ఖమ్మం జిల్లా వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. రెండూ గోదావరి పరీవాహకంలోని అడవి పట్టున కురిసినవే. లక్ష్మీదేవిపేట వానను లెక్కగట్టింది మనిషి అవసరం లేకుండా నడిచే ఆటోమేటిక్ కేంద్రం. ఆ రాత్రి అది కొలిచింది హైదరాబాద్‌కు చేరకపోయి ఉంటే ఇవాళ మన దగ్గర అంకె ఉండేది కాదు, కుండపోత అన్న మాట ఒక్కటే మిగిలేది. ఇలాంటి కేంద్రాలే చిన్న రూపంలో ఇప్పుడు ఇళ్ల డాబాల మీదికీ, బడుల మీదికీ వచ్చాయి. వాటి లెక్క ఆగిపోవడానికి పిడుగు పడనక్కర్లేదు, కోతులు తీగ తెంపనక్కర్లేదు. ఇంట్లో వైఫై పేరు మార్చితే చాలు. అలా ఆగినప్పుడు ఇంటివాళ్ల అజాగ్రత్త అని తేల్చేస్తాం. నిజానికి అది పరికరాన్ని రూపొందించిన తీరులోని లోపం. కొనే మనమూ, పెద్ద ఎత్తున కొనే ప్రభుత్వమూ పట్టుబట్టి సరిచేయించుకోవాల్సిన లోపం.

ఇంటి వాతావరణ కేంద్రం చూడ్డానికి ఒకే పరికరం, లోపల మాత్రం రెండు లంకెలు. డాబా మీది సెన్సర్లు, అంటే గాలికి తిరిగే గిన్నెలు, వాన నీరు నిండిన ప్రతిసారీ ఒరిగి లెక్కపెట్టే బుల్లి తొట్టి, వేడినీ తేమనూ చూసే డబ్బా, హాల్లో ఉన్న డిస్‌ప్లేకు తమ సొంత రేడియో తరంగం మీద కబురు పంపుతాయి. దానికి వైఫైతో పని లేదు. డిస్‌ప్లే ఒక్కటే ఇంటి రూటర్‌ను పట్టుకుని ఆ లెక్కల్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. వైఫై పేరు మారిన రోజు తెగేది ఈ రెండో లంకె మాత్రమే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. హాల్లో తెర మీద ఎండ ఎంతో, తేమ ఎంతో, పొద్దుటి నుంచి పడిన వాన ఎంతో అన్నీ సక్రమంగా కనిపిస్తూనే ఉంటాయి. టీవీ ఆగితే అరగంటలో ఇంట్లో గోల మొదలవుతుంది కాబట్టి దానికీ ఫోన్లకూ కొత్త పేరు వెంటనే కొట్టేస్తాం. వాన లెక్క బయటికి పోతోందా లేదా అని అడిగేవాళ్లు ఇంట్లో ఉండరు. ఏ వరద వచ్చాకో ఎవరో పాత గ్రాఫు తెరిచినప్పుడు, నెల కిందటి ఒక మధ్యాహ్నం దగ్గర గీత ఆగిపోయి కనిపిస్తుంది.

పాస్‌వర్డ్ అదే ఉంచాం, పేరొక్కటే మార్చాం, అయినా ఎందుకు కలవదన్నది చాలామందికి వచ్చే సందేహం. పరికరం తన జ్ఞాపకంలో దాచుకున్న పేరు కోసమే గాలిలో వెతుకుతుంది. అది వినపడకపోతే పక్కనే అదే రూటర్ కొత్త పేరుతో పిలుస్తున్నా పట్టించుకోదు. పైగా ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా ఉన్న డబ్ల్యూపీఏ2 రక్షణ పద్ధతిలో అసలు తాళంచెవి పాస్‌వర్డ్ ఒక్కదానితో తయారు కాదు. పేరునూ పాస్‌వర్డ్‌నూ కలిపి 4,096 సార్లు గణించగా వచ్చేదే తాళంచెవి. పేరులో ఒక్క అక్షరం మారినా అది వేరే తాళంచెవి అవుతుంది. అలాంటప్పుడు పేరు మార్చకుండా ఉంటే పోయేది కదా అనే సలహా ఒకటి తయారుగా ఉంటుంది. ఆ సలహా సరైనది కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పేరు వేల రూటర్లకు ఒకటే అయినప్పుడు, దొంగలు ఆ పేరుకు సరిపడే తాళంచెవుల పట్టికలు ముందే తయారు చేసి పెట్టుకోగలరు. ఇంటి నంబరో, ఇంటిపేరో వైఫై పేరుగా పెట్టుకుంటే వీధిలో పోయే ప్రతి ఫోనుకూ అది కనపడుతుంది. కనెక్షన్ ఇచ్చే కంపెనీ మారితే కొత్త రూటర్ తన పేరు తానే తెచ్చుకుంటుంది. పేరు మార్చడం తరచు అవసరం, కొన్నిసార్లు మంచి పని కూడా. దాన్ని నేరం చేసి పరికరాన్ని వెనకేసుకు రావడం తలకిందుల న్యాయం. ఇంకో ముచ్చట: వైఫై పేరుకు ఉన్న హద్దు 32 బైట్లు. తెలుగులో ప్రతి అక్షరమూ, గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు తింటాయి. ‘కొత్తగూడెం’ అని రాస్తేనే 30 అయిపోతాయి, ఇంకొక్క అక్షరం పట్టదు. పట్టినంత మేరకు రాసినా, ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరొకటి చదవలేని చవక పరికరాలు బజారులో ఉన్నాయి.

తిరిగి కలిపే పద్ధతి పెద్ద విద్యేం కాదు. రూటర్ మారినప్పుడు కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత రక్షణ పద్ధతి ఉన్నవున్నట్టు పెడితే ఇంట్లోని పరికరాలు తేడా తెలియకుండా వచ్చి కలుస్తాయి. పేరు మార్చి తీరాల్సిందే అయితే, అతిథుల కోసం విడిగా పెట్టుకునే నెట్‌వర్క్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డ్ ఇచ్చి, ఈ ఒక్క పరికరాన్ని దాని మీద ఉంచవచ్చు. అదీ కుదరకపోతే డిస్‌ప్లేను సెటప్ స్థితిలోకి తెచ్చి, అది ప్రసారం చేసే తాత్కాలిక వైఫైకి ఫోను కలిపి, కొత్త వివరాలు ఎక్కించాలి. ఇక్కడ చాలామంది చిక్కుకునే చోటు ఒకటుంది. ఈ పరికరాలు దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కొత్త రూటర్లు 2.4నూ 5నూ ఒకే పేరు కింద కలిపేస్తాయి, కొన్ని డబ్ల్యూపీఏ3 అనే కొత్త రక్షణ పద్ధతిని మాత్రమే ఒప్పుకుంటాయి. సెటప్ అయ్యేదాకా రెండింటినీ విడదీసి, డబ్ల్యూపీఏ2ను అనుమతిస్తే సరిపోతుంది. అయితే ఇదంతా చేసినా తెగిన రోజుల లెక్క తిరిగి రాదు. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది.

కొలవడం ఒక పని, కొలిచింది పంపడం మరో పని. తహసీల్ ఆఫీసు ఆవరణలో వానకొలత డబ్బా ఉన్న కాలంలో ఉదయం 8.30కి సిబ్బంది నీళ్లు కొలిచి పుస్తకంలో రాసేవారు. కబురు జిల్లా కేంద్రానికి ఆ రోజు చేరినా, వారం తర్వాత చేరినా పుస్తకంలో అంకె చెక్కుచెదరదు. ఇంటి వాతావరణ కేంద్రాలు తయారు చేసే డేవిస్ కంపెనీ తన పాత యంత్రాలకు విడిగా అమ్మిన డేటా లాగర్ కూడా ఆ పుస్తకం లాంటిదే: 2,560 నమోదులు దాచుకునేది. అరగంటకొకటి చొప్పున రాసుకుంటే 53 రోజుల లెక్క భద్రం. వైఫై వచ్చాక చవక పరికరాల్లో చాలావాటి నుంచి ఈ ఏర్పాటు మాయమైంది. లెక్క పుట్టగానే పంపేయడం, అందుకునేవాడు లేకపోతే పారేయడం వాటి పద్ధతి. ఇంటికి తాళం వేసి ఉందని పోస్ట్‌మన్ ఉత్తరం చించి పారేయడు కదా. ఇంతకంటే పెద్ద తప్పు గ్రాఫుల్లో జరుగుతుంది. కబురు రాని రోజుల్ని, లెక్కలు అందుకుని గ్రాఫు గీసే సేవల్లో కొన్ని ఖాళీగా వదులుతాయి, కొన్ని సున్నాతో నింపుతాయి, కొన్ని అటూ ఇటూ ఉన్న చుక్కల్ని గీతతో కలిపేస్తాయి. వాన పడకపోవడమూ, పడిందో లేదో తెలియకపోవడమూ ఒకటి కావు. నెల మొత్తం కూడేటప్పుడు ఆ సున్నాలు నిజం వేషం వేసుకుని కూర్చుంటాయి.

ఈ నష్టం నగరాల కంటే కొత్తగూడెం ప్రాంతానికి ఎక్కువ. భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలున్నాయి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. పెద్ద నది వరద ఎగువ నుంచి కదిలి వస్తుంది కాబట్టి తట్టాబుట్టా సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. వాగుల సంగతి అది కాదు. ముర్రేడు వాగు గానీ, కిన్నెరసానిలో కలిసే చిన్న చిన్న అడవి వాగులు గానీ గంటల్లో లేస్తాయి. 2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు వాన, వరద, గండి అన్నీ ఒక రోజులోనే జరిగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరు 1న ఖమ్మాన్ని ముంచిన మున్నేరు నీళ్లలో ఎక్కువ భాగం ఎగువన మహబూబాబాద్ వైపు కురిసినవి. ఎవరి డాబా మీదో ఉన్న పరికరం పెద్దవాగు కట్టను నిలబెట్టేదని అనడం లేదు. గేట్లూ నిర్వహణా వేరే లెక్క. కానీ ఏ గంటలో, ఏ చోట, ఎంత పడిందన్నది తర్వాత కట్టే కట్టకూ, వేసే కల్వర్టుకూ, తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో నీళ్లు తోడే మోటార్లకూ ఆధారం. వేసవిలోనూ అంతే. రోహిణి కార్తెలో బొగ్గు గనుల మధ్య మధ్యాహ్నపు పనివేళలు మార్చాలంటే ఊరి మొత్తానికి ఒక అంకె సరిపోదు, వీధివీధికీ తేడా తెలియాలి.

ఇంటి పరికరాల లెక్కను ఎవరు నమ్ముతారు అనే అభ్యంతరం తేలికగా తీసిపారేయాల్సింది కాదు. డాబా సిమెంటు వేడికి థర్మామీటర్ అసలు కంటే ఎక్కువ చూపుతుంది, పిట్టగోడ వానను అడ్డుకుంటుంది. అయితే తప్పులు ప్రభుత్వ కేంద్రాల్లోనూ దొర్లుతాయి. 2024 మే 29న ఢిల్లీ ముంగేశ్‌పూర్ ఆటోమేటిక్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపితే దేశమంతా ఉలిక్కిపడింది. సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని వాతావరణ శాఖే ఆ తర్వాత తేల్చింది. చుట్టుపక్కల కేంద్రాల్లో అంత ఎండ లేకపోవడమే మొదట అనుమానం రేపింది. లిబియాలోని అల్ అజీజియాలో 1922లో నమోదైన 58 డిగ్రీలు 90 ఏళ్లు ప్రపంచ రికార్డుగా చెలామణి అయి, 2012లో రద్దయింది. అప్పట్లో పరికరం చదివిన వ్యక్తికి దాని మీద అనుభవం లేకపోవడం ఒక కారణమని ప్రపంచ వాతావరణ సంస్థ నిపుణులు తేల్చారు. తప్పు బయటపడేది పక్కన ఇంకో లెక్క ఉన్నప్పుడే, ఆ లెక్క తెగకుండా సాగినప్పుడే. ఎప్పుడూ రెండు డిగ్రీలు ఎక్కువ చూపే పరికరాన్ని సవరించుకోవచ్చు. నెల చూపి నెల మాయమయ్యేదాన్ని ఏం చేయగలం? ఇంటి కేంద్రాల మీద అపనమ్మకం ఉన్నవాళ్లే ముందుగా వాటి లెక్క తెగకూడదని కోరాలి.

మండలానికో ప్రభుత్వ కేంద్రం ఉండగా ఇవెందుకన్న మాటా వినపడుతుంది. అడవి అంచు మండలాల విస్తీర్ణం చూసినవాళ్లు ఆ మాట అనరు. ఒక గూడెంలో చెట్లు విరిగేంత వాన పడుతుంటే నాలుగు కిలోమీటర్ల అవతల దుమ్ము లేస్తుంటుంది. కేంద్ర ప్రభుత్వమే దీన్ని గుర్తించి, 2023లో మొదలుపెట్టిన విండ్స్ కార్యక్రమంలో బ్లాకుకో వాతావరణ కేంద్రం, గ్రామ పంచాయతీకో వానకొలత యంత్రం అని లక్ష్యం పెట్టుకుంది. జొమాటో కంపెనీ కూడా 2024లో వెదర్ యూనియన్ పేరుతో నగరాల్లో సొంత కేంద్రాలు పెట్టింది, డెలివరీ కుర్రాళ్లకు వాన ఎక్కడుందో తెలియాలి కాబట్టి. అడవి అంచుకు ఆ వ్యాపార అవసరం రాదు, ఇక్కడికి ఆ కేంద్రాలు వస్తాయని ఎదురుచూడటం దండగ. పైగా ప్రభుత్వ యంత్రాలూ ఈ జబ్బుకు అతీతం కావు. వాటిలో వైఫై ఉండకపోవచ్చు, సిమ్ కార్డు ఉంటుంది. సిగ్నల్ పోయినా, కంపెనీ పాత నెట్‌వర్క్ మూసేసినా వాటికీ అదే గతి.

లెక్కను ఇంటర్నెట్‌లోకి పంపితే ఇల్లు ఎక్కడుందో మ్యాపులో కనపడుతుందని కొందరి భయం. నమోదు చేసేటప్పుడు స్థానాన్ని వందో రెండు వందలో మీటర్లు పక్కకు చూపితే వాన లెక్కకు నష్టమేమీ లేదు. మిగిలింది, లెక్కను పరికరంలోనే దాచుకోవడానికయ్యే ఖర్చు. అయిదు నిమిషాలకొక నమోదు చొప్పున రోజుకు 288, నెలకు 8,640. ఒక్కోదానికి 50 బైట్లు వేసుకున్నా మొత్తం అర మెగాబైట్ కూడా కాదు; ఫోనులో తీసే ఒక్క ఫొటో అంతకంటే ఎక్కువ చోటు తింటుంది. ధర పెరుగుతుందన్న సాకు ఇక్కడ నిలవదు. లోపల కనీసం నెల రోజుల లెక్క ఉండాలి. లంకె తిరిగి కలిసినప్పుడు వాటిని అసలు సమయాలతోనే పంపాలి, అందుకునే సేవ ఖాళీని ఖాళీగానే చూపాలి. ఒక రోజంతా కబురు పోకపోతే హాల్లో తెర మీద ఎర్ర అక్షరాలతో ఆ మాట కనపడాలి, యజమాని ఫోనుకు సందేశం రావాలి. ఇళ్లకు కొనేవాళ్లు దుకాణంలో అడగాల్సిన ప్రశ్నలు ఇవే. విండ్స్ కింద యంత్రాలు కొనే అధికారులకైతే అడిగే అవసరం కూడా లేదు, టెండరులో రాస్తే సరిపోతుంది. నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయి. ఆ షరతులు అంతకు ముందు పిలిచే టెండర్లలోనే ఉండాలి.