లినక్స్ వాడుతున్నారా? ఇంట్లో నెట్ అంతా మింగేయకండి!

కడియంలో నర్సరీ వాళ్లింట్లో వైఫై అంటే వ్యాపారమే. నాన్నగారు వాట్సాప్ వీడియో కాల్‌లో బయటూరి పార్టీకి మొక్కలు చూపిస్తుంటే, మనం లోపల ఉబుంటు ఐఎస్ఓ ఫుల్ స్పీడ్‌లో లాగేస్తే కాల్ ఆగిపోతుంది, బేరమూ పోతుంది. తిట్లు మాత్రం నెట్ వాళ్లకి!

విండోస్ 10లో అప్‌డేట్ల స్పీడ్‌కి సెట్టింగ్స్‌లోనే లిమిట్ ఉంది. ఉబుంటులో అలాంటి స్లైడర్ లేకపోవడం నాకైతే పెద్ద లోపమే. అది వచ్చేదాకా వండర్‌షేపర్ వేసుకోండి, మొత్తం సిస్టమ్‌కి పనిచేస్తుంది. ఒక్క ఫైలే అయితే డబ్ల్యూగెట్‌లో లిమిట్-రేట్ 500కే చాలు. అది కిలోబైట్ల లెక్క, అంటే సుమారు 4 ఎంబీపీఎస్. వండర్‌షేపర్‌దేమో కిలోబిట్ల లెక్క. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఈ స్పీడ్‌లో 6 జీబీ ఐఎస్ఓకి 3 గంటల పైనే పడుతుంది. పడనివ్వండి.