దగ్గు లేని క్షయ నడుము విరుస్తోంది

నడుము నొప్పి నెల దాటినా తగ్గడం లేదా? రాత్రి పడుకుంటే ఎక్కువవుతోందా? సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతూ, ఆకలి పోయి, బరువు తగ్గుతున్నారా? అయితే వాతం చేసిందనో, డిస్క్ జారిందనో సరిపెట్టుకోవద్దు. అది వెన్నెముకకు పట్టిన క్షయ కావచ్చు.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. వాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి ఈ జబ్బు ఎముకలకు, కీళ్లకు పడుతుందని వైద్యుల అంచనా. అందులో దాదాపు సగం వెన్నెముకదే. తుంటి, మోకాలు ఆ తర్వాత. నూటికి ముగ్గురంటే చిన్న సంఖ్యే అనిపిస్తుంది. కానీ ఏటా పాతిక లక్షలకు పైగా కేసులు నమోదవుతున్న దేశంలో అది పదుల వేల కుటుంబాల మాట. సంపన్న దేశాల్లో ఇది ఎక్కువగా వృద్ధుల్లోనూ, వలస వచ్చినవారిలోనూ కనిపిస్తుంది. ఇక్కడ పిల్లలనూ, కూలికి వెళ్లే వయసువారినీ మంచాన పడేస్తోంది.

మన గాలింపు ఈ రోగులను అందుకోలేకపోతోంది. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమాన్నే చూడండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి అడిగారు, చేతిలో పట్టే యంత్రాలతో ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. మంచి పనే, ఆగకూడదు. అయితే వెన్నెముక క్షయ ఉన్న చాలామందికి దగ్గు ఉండదు, కళ్లె పడదు, ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త ‘నడుము నొప్పి ఎన్నాళ్ల నుంచి?’ అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే ఎంతోమంది ముందే దొరుకుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలు ఆ ప్రశ్నను వెంటనే చేర్చాలి. ఎముకల క్షయ లెక్కను గ్రంథుల క్షయతోనూ, ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్షయతోనూ కలిపేయకుండా జిల్లాలవారీగా విడిగా ప్రకటించాలి. పెద్దాసుపత్రికి చేరినవారిని మాత్రమే లెక్కపెడితే మిగిలేది ఆలస్యమైపోయినవారి జాబితానే.

ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతోందో పల్లెల్లో అందరికీ తెలుసు. నొప్పి రాగానే ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే వారం పాటు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ వారంలోనే ఒంటి రక్షణ శక్తి తగ్గి, క్రిమి బలపడుతుంది. లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్ వాడితే జబ్బు కొన్నాళ్లు ముసుగేసుకుంటుంది, పరీక్షకూ సరిగా చిక్కదు. ఇక మర్దనలు, నాటు కట్లు మరీ ప్రమాదం. క్షయ తొలిచేసిన వెన్నుపూసను లాగి విరిస్తే కాళ్లు పడిపోవచ్చు. బాలింతల విషయంలో ఇంటివాళ్లే పొరబడతారు. కాన్పు తర్వాత నడుము నొప్పి మామూలేగా అంటారు. దాగి ఉన్న క్షయ బయటపడటానికి అనువైన సమయాల్లో అదొకటి. మధుమేహం ఉన్నవారికి క్షయ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారూ, డయాలసిస్ చేయించుకునేవారూ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఎక్స్‌రే బాగుందన్నారని నిశ్చింతగా ఉండకండి. ఎముక మూడో వంతుకు పైగా కరిగిపోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో తేడా తెలియదు. ఎమ్మారై ముందే పసిగడుతుంది. అనుమానం ఉన్నచోట సూదితో కాస్త కణజాలమో, చీమో తీసి, క్షయ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపమని డాక్టరును అడగండి. ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా అందులో తేలుతుంది. అది తెలియకుండా నెలల తరబడి మందులు మింగడం చీకట్లో నడవడమే.

ఇది నయమయ్యే జబ్బు. చాలామందికి ముందు మందులతోనే చూసి, అవసరమైనవారికే ఆపరేషన్ చేస్తే చాలని వారణాసి ఎముకల వైద్యుడు ఎస్.ఎం. తులి 1975లోనే చూపించారు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రోగుల తిండి కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. కానీ ఊపిరితిత్తుల క్షయకు ఆరు నెలలు వాడితే, దీనికి ఏడాది నుంచి ఏడాదిన్నర వాడాలి. రెండు మూడు నెలల్లో నొప్పి పోతుంది, క్రిమి పోదు. నొప్పి పోయిందని మాత్రలు ఆపినవారికి జబ్బు మొండికేసి తిరగబెడుతుంది.

వెన్నెముకకే పరిమితమైన క్షయ ఒకరి నుంచి మరొకరికి అంటదు. రోగిని విడిగా కూర్చోబెట్టడం, కంచం వేరు చేయడం దుర్మార్గం. అయితే ఆ క్రిమి ఎవరో దగ్గినప్పుడు గాలిలోంచే వచ్చింది. అందుకే ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, పరీక్ష చేయించాలి.

వీపు మీద కొత్తగా గూని తేలినా, కాళ్లు తిమ్మిరెక్కి తడబడుతున్నా, మూత్రం పట్టు తప్పినా ఓపీ రోజు కోసం ఆగకండి. నడిపించకుండా, పడుకోబెట్టి, అదే రోజు ఎమ్మారై, వెన్నెముక సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.